సైనిక అధికారాపహరణ, ఆయుధ నిషేధం: బర్మా తెలుగువారి చరిత్ర కోణంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సైన్యం బలప్రయోగంతో అధికారాన్ని చేజిక్కించుకొన్న దేశానికి ఆయుధాలు అందకుండా చేయడానికి ఇతర దేశాలు తీసుకొనే నిర్ణయాన్ని ఆయుధ నిషేధం అంటున్నాం. ఈ నిషేధం ఎప్పుడు విధిస్తారు, ఎవరు విధిస్తారు, ఎందుకు విఫలమవుతుంది అనే ప్రశ్నలను బర్మా (నేటి మయన్మార్) ఉదాహరణగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ సంఘటనను 'సైనిక అధికారాపహరణ'గా పిలుస్తారు, ఏ వస్తువును 'ఆయుధం'గా లెక్కిస్తారు అనే రెండు నామకరణాల మీదనే నిషేధపు బలం ఆధారపడి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బర్మాకు వలసవెళ్ళి తిరిగివచ్చిన తెలుగువారి అనుభవం, తెలుగు నేలపై తయారై ఆ దేశానికి చేరిన ఆయుధాల వివరాలు ఇందులో ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: ఆయుధ నిషేధం, సైనిక అధికారాపహరణ, బర్మా తెలుగువారు, భద్రతామండలి, ప్రవాసాంధ్ర చరిత్ర, పారిభాషిక పదాలు.

1. ప్రవేశిక

విశాఖపట్నం కంచరపాలెం ప్రాంతంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చిన కుటుంబాలకు నీడనిచ్చిన చోటు కనుక దానికి ఆ పేరు నిలిచింది. అదే నగరంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతులు పూర్తిచేసుకొన్న 'సింధువీర్' జలాంతర్గామిని భారత ప్రభుత్వం 2020లో మయన్మార్ నౌకాదళానికి అప్పగించింది. ఆ దేశ నౌకాదళం 2020 డిసెంబరు 24న దానిని కొత్త పేరుతో తన సేవలోకి తీసుకొంది. సరిగ్గా 39 రోజులకు, 2021 ఫిబ్రవరి 1న, అదే సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని తొలగించి నాయకులను నిర్బంధించింది.

1962నాటి సైనిక పాలన వల్ల నిరాశ్రయులైనవారి పేట, 2021లో అధికారాన్ని అపహరించిన సైన్యానికి యుద్ధనౌక సిద్ధమైన రేవు ఒకే ఊళ్ళో ఉండడం కాకతాళీయమే కావచ్చు. అయితే ఆయుధ నిషేధమనే విషయాన్ని దూరదేశాల దౌత్యవ్యవహారంగా భావించి పక్కన పెట్టే అలవాటును ఆ రెండు చోట్లూ ప్రశ్నిస్తున్నాయి. ప్రవాసాంధ్ర చరిత్రను గురించి మన విశ్వవిద్యాలయాలలో జరిగిన పరిశోధన ఎక్కువగా వలస కారణాలు, భాషాపరిరక్షణ, పండుగలు, సంఘాల చుట్టూ సాగింది. ఆ వలస జీవితాలను ఛిన్నాభిన్నం చేసిన సైనిక పాలనల గురించీ, ఆ పాలనలకు తుపాకులు అందించిన దారుల గురించీ చర్చ తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 'తిరుగుబాటు' అనవచ్చునా?

మన పత్రికలు 2021నాటి సంఘటనను దాదాపు ఏకగ్రీవంగా 'సైనిక తిరుగుబాటు' అన్నాయి. తెలుగులో తిరుగుబాటు అనే మాటకు ఒక చరిత్ర ఉంది. పాలితుడు పాలకునిపై, బలహీనుడు బలవంతునిపై తలెత్తడం దాని సహజార్థం. రంప తిరుగుబాటు అన్నా, నిజాంపై రైతాంగ తిరుగుబాటు అన్నా మనసులో మెదిలేది ఆ చిత్రమే. దేశంలోని ట్యాంకులూ విమానాలూ అన్నీ తన చేతిలో ఉన్న సేనాధిపతి, ఎన్నికలలో గెలిచినవారిని తెల్లవారుజామున నిర్బంధించడాన్ని అదే మాటతో పిలిస్తే నేరానికి తెలియకుండానే గౌరవం అంటుతుంది. 'కుట్ర' అనే పదం కొంత మేలే గాని, అది రహస్యాన్ని సూచించినంతగా బలప్రయోగాన్ని సూచించదు. ఫ్రెంచి మూలపదానికి 'రాజ్యంపై కొట్టిన దెబ్బ' అని అర్థం. ఈ వ్యాసంలో 'సైనిక అధికారాపహరణ' అనే పదబంధాన్ని వాడుతున్నాను. ఇది కొంచెం బరువైన సమాసమే. కాని ఎవరి సొత్తును ఎవరు తీసుకొన్నారో అందులో స్పష్టంగా ఉంది.

ఈ చర్చ తెలుగు శాఖల గోడల మధ్య పుట్టిన పదవివాదం మాత్రమే అనుకోనక్కరలేదు. పేరు మారితే చట్టం మారుతుంది. సక్రమంగా ఎన్నికైన ప్రభుత్వాధినేతను సైన్యం తొలగించిన దేశానికి సహాయం నిలిపివేయాలని అమెరికా సహాయనిధుల చట్టంలో ఒక నిబంధన ఉంది. 1999లో పాకిస్తాన్‌లో జనరల్ ముషారఫ్ అధికారాన్ని హస్తగతం చేసుకొన్నపుడు ఆ నిబంధన అమలయింది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత ఆఫ్ఘనిస్తాన్ యుద్ధానికి పాకిస్తాన్ అవసరమైనందువల్ల దానికి మినహాయింపు దొరికింది. 2013 జులైలో ఈజిప్టు సైన్యం అధ్యక్షుడు మోర్సీని తొలగించినపుడు అమెరికా ప్రభుత్వం ఆ సంఘటనను అసలు ఆ పేరుతో పిలవడానికే నిరాకరించింది. పిలిచివుంటే చట్టం తనంతట తాను అమలులోకి వచ్చేది. ఆ అక్టోబరులో కొన్ని పెద్ద ఆయుధాల సరఫరాను ఆపి, 2015 మార్చిలో తిరిగి వదిలారు. ఒక పదాన్ని పలకకపోవడం వల్ల ఒక సైన్యానికి యుద్ధవిమానాలు అందాయన్నమాట.

పేరులోని రాజకీయం తెలంగాణ పాఠకులకు కొత్తది కాదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ప్రవేశించిన సైనిక చర్యను 'పోలీసు చర్య' అనడం వెనుక అది దేశ ఆంతరంగిక వ్యవహారమని చెప్పే ఉద్దేశం ఉంది. అప్పటికే హైదరాబాద్ ప్రతినిధులు భద్రతామండలి తలుపు తట్టారు. ఆ పేరు నేటికీ కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వృద్ధుల నోట వినిపిస్తూనే ఉంటుంది.

3. నిషేధంలోని స్థాయులు

ఐక్యరాజ్యసమితి ఆశయపత్రంలోని ఏడవ అధ్యాయం, 41వ అధికరణం కింద భద్రతామండలి విధించే నిషేధం సభ్యదేశాలన్నింటికీ శిరోధార్యం. దీనికి అయిదు శాశ్వత సభ్యదేశాలలో ఒక్కటీ వీటో వాడకుండా ఉండాలి. సర్వప్రతినిధి సభ చేసే తీర్మానం నైతికమైన పిలుపు మాత్రమే. దానిని పాటించకపోతే శిక్ష లేదు. ఐరోపా సమాఖ్యవంటి ప్రాంతీయ కూటములు, విడివిడిగా దేశాలు విధించుకొనేవి తమ ఎగుమతిదారులను మాత్రమే కట్టడి చేస్తాయి.

దక్షిణాఫ్రికా ఉదాహరణ వీటి తేడాను చూపుతుంది. అక్కడిది సైనిక అధికారాపహరణ కాకపోయినా, 1963లో స్వచ్ఛందంగా మొదలైన ఆయుధ నిషేధం 1977 నవంబరు 4న 418వ తీర్మానంతో తప్పనిసరిగా మారడానికి 14 సంవత్సరాలు పట్టింది. ఆ వ్యవధిలో ఆ దేశం సొంత ఆయుధ పరిశ్రమను పెంచుకొంది. ఆలస్యంగా వచ్చే నిషేధానికి ముందే హెచ్చరిక అందుకొన్నవాడు సిద్ధపడతాడు.

సైన్యం అధికారాన్ని అపహరించిన సందర్భంలో భద్రతామండలి ఆయుధ నిషేధం విధించిన ఉదాహరణలు బహుస్వల్పం. హైతీలో 1991 సెప్టెంబరులో అధ్యక్షుడు అరిస్టీడ్‌ను సైన్యం వెళ్ళగొట్టింది. దాదాపు రెండేళ్ళ తరువాత, 1993 జూన్ 16న, 841వ తీర్మానంతో మండలి చమురు, ఆయుధాల సరఫరాను నిషేధించింది. మూడు వారాలు తిరగకముందే సేనానులు చర్చలకు వచ్చి సంతకం చేశారు. నిషేధం సడలగానే మాట తప్పారు. తిరిగి నిషేధం వచ్చింది. చివరికి 1994 సెప్టెంబరులో అమెరికా నాయకత్వంలోని సేనలు దిగిన తరువాతనే, అక్టోబరు 15న, అరిస్టీడ్ స్వదేశం చేరాడు. నిషేధం సేనానులను చర్చల బల్ల దాకా తెచ్చింది గాని గద్దె దింపలేకపోయింది. ఇక్కడ ఆయుధాలకన్న చమురుకు ఎక్కువ బలం ఉండడం గమనించదగినది. తుపాకి ఏళ్ళతరబడి పనిచేస్తుంది. ఇంధనం వారాలలో అయిపోతుంది.

సియెరా లియోన్‌లో మరొక చిక్కు వచ్చింది. 1997 మే 25న సైన్యం అధ్యక్షుడు కబ్బాను తొలగించింది. అక్టోబరు 8న 1132వ తీర్మానం ద్వారా ఆ దేశానికి చమురు, ఆయుధాల సరఫరాపై నిషేధం విధించారు. ఆ వాక్యనిర్మాణంలో 'ఆ దేశానికి' అన్న మాటే వివాదానికి మూలమయింది. శాండ్‌లైన్ అనే బ్రిటిష్ సంస్థ పదవీచ్యుతుడైన కబ్బా పక్షానికే 35 టన్నుల ఆయుధాలు పంపింది. చట్టబద్ధమైన ప్రభుత్వానికి సాయపడడం నిషేధోల్లంఘన అవుతుందా అనే ప్రశ్న 1998లో బ్రిటన్ పార్లమెంటును కుదిపింది. నిషేధాన్ని దేశంపై విధించాలా, ఆక్రమణదారుపై విధించాలా అన్నది నేటి మయన్మార్‌లోనూ తెగని ప్రశ్న. ప్రతిఘటన దళాలకు కూడా అదే తలుపు మూతపడుతుంది కనుక.

4. 1962: ఎవరూ నిషేధించని అపహరణ

బర్మా తెలుగువారి కథ రేవులతో మొదలవుతుంది. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి బయలుదేరిన ఓడలు కూలీలను రంగూన్ చేర్చేవి. జనం నోట ఆ నగరం 'రంగం' అయింది. అక్కడి బర్మీయులు తెలుగువారినందరినీ 'కోరింగీ' అనేవారు. కోరంగి రేవు పేరే జాతి పేరుగా స్థిరపడింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో వారు సగానికి మించి ఉండేవారు. బియ్యపు మిల్లులలో, రేవులో సరుకుల ఎగుమతి దిగుమతులలో, రిక్షా లాగడంలో, పారిశుద్ధ్యంలో తెలుగువారు అధికసంఖ్యలో ఉండేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో సమ్మెకు దిగిన తెలుగు కూలీల స్థానంలో బర్మీయులను తీసుకొని, సమ్మె ముగియగానే వారిని తొలగించడంతో చెలరేగిన అల్లర్లలో తెలుగువారే ప్రధానంగా బలయ్యారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబుదాడులు మొదలయ్యాక లక్షలమంది కాలినడకన అడవుల గుండా అస్సాం, మణిపూర్ దారులు పట్టారు.

యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు అక్కడే మిగిలారు. వారి మీద పడిన చివరి పెద్ద దెబ్బ 1962 మార్చి 2న జనరల్ నెవిన్ అధికారాన్ని అపహరించడంతో వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. అదే సంవత్సరం మే నెలలో 50, 100 చ్యాట్‌ల నోట్లను రద్దుచేశారు. బ్యాంకు ముఖం చూడని చిరువర్తకుల, కూలీల పొదుపు ఒక్కరోజులో చిత్తుకాగితమయింది. ఆ దశాబ్దంలో దేశం విడిచిన భారతసంతతివారు సుమారు 3 లక్షలమంది అని సాధారణంగా అంచనా వేస్తారు. అక్కడే ఉండిపోయినవారికి 1982 పౌరసత్వ చట్టం మరో అడ్డుగోడ అయింది. 1823కు ముందునుంచి తమ పూర్వులు అక్కడ ఉన్నట్టు చూపలేనివారికి పూర్తి పౌరసత్వం దుర్లభమయింది. తెలుగు వలస దాదాపు మొత్తం ఆ సంవత్సరం తరువాతిదే.

1962లో నెవిన్ ప్రభుత్వంపై ఆయుధ నిషేధం ఏదీ రాలేదు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరాడుతున్న సైన్యాన్ని అమెరికా మిత్రకూటమి దూరం చేసుకోదలచలేదు. పశ్చిమ జర్మనీ ప్రభుత్వానికి చెందిన ఫ్రిట్జ్ వెర్నర్ సంస్థ 1950లలో మొదలుపెట్టిన ఆయుధ కర్మాగారాల పనిని కొనసాగించింది. జర్మన్ నమూనా రైఫిళ్ళు బర్మాలోనే తయారయ్యాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అత్యంత కీలకమైన ఘట్టమిది. తరువాతి దశాబ్దాలలో నిషేధాలన్నీ నిష్ప్రయోజనం కావడానికి పునాది ఆ కర్మాగారాలలో పడింది. తుపాకిని అమ్మకుండా ఆపవచ్చు. తుపాకిని తయారుచేసే యంత్రాన్ని ఒకసారి అమ్మిన తరువాత ఆపేదేముంటుంది?

5. 1988 నుంచి 2020 దాకా: సగం మూసిన తలుపు

1988లో విద్యార్థుల ఉద్యమాన్ని అణచివేసి, సెప్టెంబరు 18న సైన్యం మరొకసారి ప్రత్యక్షంగా గద్దెనెక్కింది. 1989లో దేశం పేరును మయన్మార్‌గా మార్చింది. 1990 ఎన్నికలలో ఆంగ్ సాన్ సూచీ పక్షం 392 స్థానాలు గెలిచినా అధికారం అప్పగించలేదు. ఐరోపా దేశాలు 1991లో ఆయుధాల అమ్మకాన్ని నిలిపివేసి, 1996 అక్టోబరులో ఆ నిర్ణయాన్ని ఉమ్మడి విధానంగా ధ్రువీకరించాయి. 2013లో ఇతర ఆంక్షలను ఎత్తివేసినపుడు కూడా ఆయుధ నిషేధాన్ని అలాగే ఉంచాయి. 2018లో రోహింగ్యాల ఊచకోత తరువాత దానిని మరింత బిగించాయి. అమెరికా సైతం 1988లోనే సైనిక సహాయం ఆపివేసింది.

ఇంత దీర్ఘకాలం కొనసాగిన నిషేధం కింద ఆ సైన్యం బలహీనపడి ఉండాలి. జరిగింది అందుకు విరుద్ధం. 1990లలో చైనా నుంచి యుద్ధవిమానాలు, ట్యాంకులు, గస్తీనౌకలు వచ్చాయి. తరువాత రష్యా నుంచి మిగ్-29లు వచ్చాయి. సైన్యం పరిమాణం దాదాపు రెట్టింపయింది. ఒక వైపు తలుపు మూస్తే మరో వైపు తలుపు తెరుచుకోవడమే గాక, తెరిచినవాడి పలుకుబడి పెరిగింది. ఇతరులు మానుకొన్న అమ్మకం తనకు దక్కడం వల్ల చైనా మయన్మార్‌లో పాతుకొంది. అది చూసి కలవరపడిన భారత్ 1990ల ఆరంభంలో ప్రజాస్వామ్య ఉద్యమానికి బాహాటంగా ఇస్తున్న మద్దతును తగ్గించి, సైన్యంతో సంబంధాలు పెంచుకోసాగింది. 1,643 కిలోమీటర్ల ఉమ్మడి సరిహద్దు, ఆ సరిహద్దుకు ఆవల శిబిరాలు వేసుకొన్న ఈశాన్య రాష్ట్రాల సాయుధ బృందాలు అందుకు చెప్పిన కారణాలు. ఆ కారణాలు అసత్యాలు కావు. అయితే అవే కారణాలను ప్రతి పొరుగుదేశమూ చెప్పగలదు. థాయ్‌లాండ్ చెప్పింది, చైనా చెప్పింది.

నిషేధం పక్కదారులను పుట్టిస్తుందనడానికి మన నేలమీదనే సాక్ష్యం ఉంది. 1948లో భారత ప్రభుత్వం నిజాం సేనలకు ఆయుధాలు అందకుండా కట్టడి చేసినపుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రివేళలలో విమానాలు నడిపి హైదరాబాద్ రాజ్యానికి ఆయుధాలు చేరవేశాడు. సందర్భం వేరు, అక్కడ ఎన్నికైన ప్రభుత్వమూ లేదు. కాని నిషేధం ఉన్నచోట దాన్ని దాటించేవాడికి లాభం పెరుగుతుందన్న సూత్రం రెంటికీ ఒకటే. అతడు తెచ్చిన ఆయుధాలు సెప్టెంబరులో అయిదు రోజుల యుద్ధాన్ని మార్చలేకపోయాయన్నది వేరే సంగతి.

6. 2021 తరువాత: ఆయుధం అంటే ఏది?

2021 జూన్ 18న సర్వప్రతినిధి సభ మయన్మార్‌పై ఒక తీర్మానాన్ని 119 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినది బెలారస్ ఒక్కటే. 36 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వాటిలో చైనా, రష్యా, భారత్ ఉన్నాయి. ముసాయిదాలో ఆయుధాల అమ్మకం, సరఫరా, బదిలీ తక్షణం ఆపాలన్న కఠినమైన భాష ఉండేది. ఓట్లు కూడగట్టే క్రమంలో అది 'మయన్మార్‌లోకి ఆయుధాల ప్రవాహాన్ని నివారించాలి' అన్న మృదువైన పిలుపుగా మారింది. 'నిషేధం' నుంచి 'ప్రవాహం' దాకా జరిగిన ఈ జారుడును భాషాపరిశోధకులు ప్రత్యేకంగా గమనించాలి. నిషేధానికి కర్త ఉంటాడు. ప్రవాహం తనంతట తాను ప్రవహిస్తుంది! 2022 డిసెంబరు 21న భద్రతామండలి 2669వ తీర్మానాన్ని 12 ఓట్లతో ఆమోదించింది. అందులో హింస ఆపాలన్న కోరిక ఉంది గాని ఆయుధ నిషేధం లేదు. చైనా, రష్యాలతోపాటు అప్పట్లో తాత్కాలిక సభ్యదేశమైన భారత్ కూడా తటస్థంగా నిలిచింది.

మన సంప్రదాయంలో శస్త్రానికీ అస్త్రానికీ భేదం ఉంది. చేతపట్టి ప్రయోగించేది శస్త్రం, విసిరి వేసేది అస్త్రం. విమాన ఇంధనం ఏ కోవకు చెందుతుంది? హెలికాప్టరు విడిభాగం? రాడారు? 2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని ఒక గ్రామంలో గుమికూడిన ప్రజలపై మయన్మార్ వైమానిక దళం దాడిచేసి 150 మందికి పైగా చంపింది. ఆ దాడికి బాంబు ఎంత అవసరమో విమానం ఎగరడానికి ఇంధనమూ అంతే అవసరం. బాంబు ఆయుధాల జాబితాలో ఉంటుంది, ఇంధనం వాణిజ్య సరుకుల జాబితాలో ఉంటుంది. అందుకే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2022 నవంబరులో విమాన ఇంధన సరఫరాను నిలిపివేయాలని ప్రత్యేకంగా కోరింది.

ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో వెలువరించిన నివేదిక ఈ విషయంలో అత్యంత విలువైన ఆధారం. అధికారాపహరణ తరువాత 2022 చివరి దాకా మయన్మార్ సైన్యానికి కనీసం 100 కోట్ల డాలర్ల విలువగల ఆయుధాలు, తత్సంబంధ సామగ్రి అందాయని ఆయన లెక్కగట్టాడు. అందులో రష్యా నుంచి 40.6 కోట్లు, చైనా నుంచి 26.7 కోట్లు, సింగపూర్ నుంచి 25.4 కోట్లు, భారత్ నుంచి 5.1 కోట్లు, థాయ్‌లాండ్ నుంచి 2.8 కోట్ల డాలర్ల సరుకు వెళ్ళింది. ఈ అంకెలలో 'తత్సంబంధ సామగ్రి' అన్న మాట కీలకం. విడిభాగాలు, ముడిపదార్థాలు, కర్మాగారాల యంత్రాలు అందులో చేరాయి. 1950లలో మొదలైన కర్మాగారాలు నేటికీ పనిచేయడానికి కావలసినవి అవే.

సింగపూర్ ఉదంతాన్ని కొంచెం ఆగి చూడాలి. ఆ సరుకు పంపినది ప్రభుత్వం కాదు, అక్కడ నమోదైన సంస్థలు. నివేదిక వెలువడిన తరువాత సింగపూర్ ప్రభుత్వం విచారణ జరిపింది. 2022 ఆర్థిక సంవత్సరంలో 11 కోట్ల డాలర్లు దాటిన ఎగుమతి మరుసటి సంవత్సరం కోటి డాలర్లకు కొంచెం పైకి పడిపోయిందని ఆండ్రూస్ 2024 నివేదిక తెలిపింది. మొత్తంమీద ఆ సైన్యానికి బయటినుంచి అందే సామగ్రి 37.7 కోట్ల డాలర్ల నుంచి 25.3 కోట్లకు, అంటే సుమారు మూడోవంతు, తగ్గింది. భద్రతామండలి తీర్మానం లేదు, వీటో ప్రసక్తి లేదు. ఒక చిన్న దేశం తన బ్యాంకులను, తన నమోదు కార్యాలయాన్ని అదిలించింది. అదే కాలంలో థాయ్‌లాండ్ సంస్థల ఎగుమతి రెట్టింపై 12 కోట్లకు చేరిందన్నదీ నిజమే. అయినా అక్కడ పెరిగినది ఇక్కడ తగ్గినదానికంటె తక్కువ. నిషేధాలు పనిచేయవు అనే నిరాశావాదానికి ఈ ఒక్క ఉదాహరణ గట్టి జవాబు అని నా అభిప్రాయం.

7. విశాఖ నుంచి వెళ్ళినవి

హైదరాబాద్ ప్రధాన కార్యాలయంగా 1970లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ భారత్ డైనమిక్స్. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్రసాంకేతిక ప్రయోగశాల రూపొందించిన 'శ్యేన' తేలికపాటి టార్పిడోను ఈ సంస్థ తయారుచేస్తుంది. దానిని మయన్మార్‌కు అమ్మే ఒప్పందం 3.79 కోట్ల డాలర్లదని 2017లో వార్తలు వచ్చాయి. మొదటి విడత 2019లో వెళ్ళింది. ఇవి అధికారాపహరణకు ముందటి లావాదేవీలు. అప్పట్లో ఎన్నికైన ప్రభుత్వం ఉన్నమాట వాస్తవమే గాని రోహింగ్యాలపై సైనిక దమనం జరిగినది 2017లోనే. టార్పిడో గ్రామాలను తగలబెట్టడానికి పనికిరాదనే వాదన ఉంది. అది సరైనదే. అయితే ఆయుధ వాణిజ్యంలో ఒక అమ్మకం ఒక వస్తువుతో ముగియదు. శిక్షణ, విడిభాగాలు, మరమ్మతులు వెంట నడుస్తాయి. కొనుగోలుదారుకు అదొక గుర్తింపు కూడా.

దీనికి ముందే మరొక వివాదం నడిచింది. భారత్ తయారుచేసే ధ్రువ్ హెలికాప్టర్లను మయన్మార్‌కు ఇవ్వజూస్తున్నదని, అందులో ఐరోపా దేశాల విడిభాగాలు ఉన్నందున ఆ దేశాల నిషేధానికి అర్థం లేకుండా పోతుందని 2007 జులైలో ఆమ్నెస్టీతోపాటు ఇతర సంస్థలు ఒక నివేదికలో హెచ్చరించాయి. నేటి యంత్రం ఏదీ ఒక దేశంలో పుట్టదు. ఇంజను ఒక చోటిది, తెర మరో చోటిది. అందువల్ల ఒకరి నిషేధం మరొకరి కర్మాగారంలోకి ప్రవేశిస్తుంది.

భారతదేశంలో దీనికి సంబంధించిన చట్టం ఏమిటి? భద్రతామండలి నిర్ణయాలను అమలుచేయడానికి 1947నాటి ఐక్యరాజ్యసమితి చట్టం ఉంది. మండలి నిర్ణయమే లేనపుడు ఎగుమతి అనుమతి పూర్తిగా ప్రభుత్వ విచక్షణకు చెందుతుంది. 2014 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆయుధ వాణిజ్య ఒడంబడికలో భారత్ చేరలేదు. దానిపై 2013లో జరిగిన ఓటింగులోనూ తటస్థంగా ఉంది. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులను నిలిపివేయాలంటూ వచ్చిన పిటిషనును 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చుతూ విదేశాంగ విధానం న్యాయస్థానాల పరిధిలోనిది కాదన్నది. అంటే ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చిన సైన్యానికి మన కర్మాగారం సరుకు అమ్మవచ్చునా అన్న ప్రశ్నకు మన చట్టంలో 'అమ్మరాదు' అన్న జవాబు ఎక్కడా లేదు. ఈ విషయం పార్లమెంటులో చర్చకు రావలసినదే.

8. ఫిజీ: పోల్చదగిన మరో తెలుగు అనుభవం

1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకుతోటలకు వెళ్ళినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 1941లో వారు అక్కడ తమ ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకొన్నారు. 1987 మే 14న కర్నల్ రబూకా పార్లమెంటులోకి సాయుధులతో ప్రవేశించి, భారతసంతతివారి మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వాన్ని తొలగించాడు. భారత్ వాణిజ్యాన్ని నిలిపివేసింది. 1962లో తెలుగువారు రోడ్డున పడినపుడు కనిపించని కాఠిన్యం 1987లో కనిపించడానికి కారణం వెతకడం కష్టం కాదు. ఫిజీ సరిహద్దుదేశం కాదు, అక్కడ కోల్పోయేదీ తక్కువ.

2006 డిసెంబరులో బైనిమరామా అధికారాన్ని అపహరించినపుడు ఆస్ట్రేలియా ఆయుధ నిషేధం విధించి 2014 ఎన్నికల తరువాతగాని ఎత్తివేయలేదు. అయితే ఆ కాలమంతా ఫిజీ సైనికులు ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షణ దళాలలో జీతం తీసుకొంటూ పనిచేస్తూనే ఉన్నారు. 2016లో రష్యా నుంచి కంటైనర్లనిండా ఆయుధాలు ఆ దేశం చేరాయి, శాంతిదళాల కోసమనే పేరుతో.

9. పరిశోధకుల ముందున్న పని

బర్మా వలస కోస్తా జిల్లాల కథ. కామారెడ్డి, నిజామాబాదు పల్లెల వలస బొంబాయికీ గల్ఫుకూ సాగింది. కాని ఇటీవల ఆ భౌగోళిక భేదం చెరిగిపోతున్నది. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని నమ్మి వెళ్ళిన యువకులను మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల శిబిరాలలో బంధిస్తున్నారు. 2025 మార్చిలో భారత వైమానిక దళ విమానాలు 540 మందికి పైగా భారతీయులను అక్కడినుంచి తీసుకొచ్చాయి. వారిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యువకులు ఉన్నారు. ఆ శిబిరాలు సైన్యంతో చేతులు కలిపిన సాయుధ ముఠాల నీడలో పెరిగాయి. 2021 తరువాత ఆ దేశంలో చట్టం పేరుకు కూడా మిగలనందువల్ల వాటికి అదుపు లేకుండా పోయింది.

1964లో పదేళ్ళ వయసున్న బాలుడు ఇప్పుడు డెబ్బై దాటినవాడు. బర్మా క్యాంపు వంటి పేటలలో ఆ తరం ఇంకా ఉంది. నోట్ల రద్దు నాటి రాత్రి ఇంట్లో ఏం జరిగింది, రేవులో ఏ వస్తువులు లాక్కున్నారు, తనిఖీ చేసిన సైనికుడి భుజాన ఉన్న తుపాకి ఎలాంటిది అని అడిగి నమోదు చేసుకొనే అవకాశం మరికొన్ని సంవత్సరాలే ఉంటుంది. మౌఖిక చరిత్రను సేకరించే పరిశోధకులు సాధారణంగా వలస పాటలు, వంటలు, మొక్కుబడుల గురించి అడుగుతారు. ఆ ప్రశ్నావళిలో ఈ ప్రశ్నలనూ చేర్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పునరావాస దస్త్రాలు, రంగూన్ ఓడల ప్రయాణికుల జాబితాలు, ఆనాటి తెలుగు దినపత్రికల సంచికలు కలిపి చదివితే 1962 తరువాతి దశాబ్దపు తెలుగు చిత్రం బయటపడుతుంది. ఆ పత్రికలు నెవిన్ చర్యను ఏ పదంతో పిలిచాయన్నది అందులో మొదట వెతకవలసిన అంశం.